తగ్గింపు ధరకు తొమ్మిదో నంబరు

కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్షించే ఆమె, అతన్ని మొదటి రోజే దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఒక కన్ను మూసుకుని ఎదురుగా ఉన్న బోర్డు చదవమంది. అతను ఒక్క తడబాటు లేకుండా అన్ని వరసలూ అప్పజెప్పాడు.

"బాగానే చదివారు. కానీ అది మీకు ముందొచ్చిన పెద్దావిడకి పెట్టిన బోర్డు. మీకు వేరేది పెట్టాను," అంది.

అతను బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. ఓవెన్ తలుపు తీస్తే అద్దాల మీద ఆవిరి కమ్ముకుంటుందని, కళ్లజోడు తప్పించుకుందామని, బయట కుర్చీలో కూర్చున్నంతసేపూ చెవులు రిక్కించి ఆ పెద్దావిడ చదివిందంతా బట్టీ పట్టాడు. ఆ సంగతి అడగ్గానే ఒప్పేసుకున్నాడు. ఆమె నవ్వు ఆపుకుని, ఆవిరి పట్టని అద్దాలు కూడా ఉంటాయని చెప్పి, ఫ్రేము తనే ఎంచి పెట్టింది.

వారం తిరక్కముందే ఫ్రేము వదులైందని వచ్చాడు. తర్వాత బిగుతైందని వచ్చాడు. ఆ తర్వాత ఏ వంకా దొరక్క, అప్పుడే కాల్చిన బన్ను కాగితంలో చుట్టి తెచ్చాడు.

"దీనికేం రిపేరు?" అందామె.

"మీరు తిని చెప్పాలి."

అలా మొదలైంది. సాయంత్రాలు షాపు మూశాక ఇద్దరూ బస్‌స్టాపు దాకా నడిచేవారు. వాన పడితే ఒకే గొడుగు. బస్సు ఆలస్యమైతే ఇద్దరికీ పండగే.

ఆమె మాటల్లో సగం వాళ్ల నాన్న గురించే. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు స్టేడియంలో గడ్డి పెంచే పని ఆయనది. మ్యాచ్ రోజు టీవీలో అందరూ ఆటగాళ్లని చూస్తారట, ఆమె మాత్రం నేలని చూస్తుందట. "ఆ పచ్చగా కనిపించేదంతా మా నాన్నే," అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మెడ కాస్త నిటారుగా లేచేది. అతనికి ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. ఆ మెడ చూడ్డానికే మళ్లీ మళ్లీ అడిగేవాడు.

ఒక ఆదివారం ఆమె భోజనానికి పిలిచింది. అమ్మ పోయినప్పట్నుంచి ఇంట్లో తండ్రీ కూతురే. నాన్నకి నచ్చితే సరే, నచ్చకపోతే ఆయన్ని కష్టపెట్టి తను ఏ పనీ చెయ్యనని ముందే చెప్పేసింది. అతనికి రెండు రోజులు పిండి సరిగ్గా పొంగలేదు.

క్లబ్బు జెర్సీ వేసుకుని వెళితే ఆయన పొంగిపోతారనుకున్నాడు. ఆన్‌లైన్ షాపులో అసలు ధర చూసి వెనక్కి తగ్గాడు. కిందికి జరిపితే అదే జెర్సీ డెబ్బై శాతం తగ్గింపులో కనిపించింది. ఫోటోలో ముందు వైపు, గుండె మీద క్లబ్బు గుర్తు, నిగనిగలాడుతోంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఏదో రాసుంది. పిండి మరకలు పడతాయని కళ్లజోడు తీసి ఉన్నాడు. చదవలేదు. కొనేశాడు.

పార్సిల్ ఆదివారమే, బయల్దేరబోతుంటే వచ్చింది. హడావిడిగా మడత విప్పి, వెనక వైపు చూసుకోకుండానే మెడలోంచి దూర్చుకుని, పైన కోటు వేసుకుని వానలో పరుగెత్తాడు.

ఆమె తలుపు తీసింది. జెర్సీ చూసి కళ్లు మెరిశాయి. అతను తడిసిన కోటు విప్పి కొక్కేనికి తగిలించడానికి అటు తిరిగాడు. వెనక నుంచి ఆమె అతని భుజం పట్టుకుని ఆపింది.

"నీ వీపు మీద ఏముందో తెలుసా?"

తెలియదు. తొమ్మిదో నంబరూ, దాని పైన ఒక ఆటగాడి పేరూ ఉన్నాయి. కిందటేడు పోటీ క్లబ్బుకి వెళ్లిపోయిన మనిషి. అభిమానులు అతని జెర్సీలు చించి పారేశారట. మిగిలిపోయినవి అమ్ముడుపోక, ధర తగ్గించి వదిలించుకుంటున్నారన్నమాట. ఆ వార్త వచ్చిన రోజు నాన్న భోజనం ముట్టలేదనీ, అప్పట్నుంచి ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరనీ ఆమె గుసగుసగా చెప్పింది.

"బోర్డు మీది అక్షరాలైతే బట్టీ పట్టగలవు. కొనేదాని కింద రాసింది చదవలేవు," అంది. "నాన్నకి వీపు చూపించకు."

చూపించలేదు. గోడ వారగా ఎండ్రకాయలా పక్కకి నడిచాడు. కుర్చీ గోడకి ఆనించుకుని కూర్చున్నాడు. నీళ్లు కావాలంటే ఆమె లేచి ఇచ్చింది. పెద్దాయన మాత్రం జెర్సీ మీది గుర్తు చూసి, అతను అనుకున్నట్టే పొంగిపోయారు. గడ్డి గురించి ఒకటే కబుర్లు. ఏ మూల ఎండ తగలదో, ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, గోల్ ముందు నేల ఎంత మొండిదో చెప్పారు. పిండి గురించి అతన్ని అడిగి శ్రద్ధగా విన్నారు కూడా. మధ్యలో ఆగి, అతని వైపు చూశారు.

"నడుం పట్టిందా బాబూ? అలా బిగుసుకుపోయి కూర్చున్నావు."

అతను తలూపాడు. ఆయన లేచి లోపలికి వెళ్లారు. స్టవ్ మీద నీళ్లు కాగిన చప్పుడు. వేడినీళ్ల సంచీ తువ్వాల్లో చుట్టి, ఎక్కడా కాలకుండా చేత్తో తడిమి చూసుకుంటూ వచ్చారు.

"కాస్త ముందుకి వంగు. నేను పెడతాను."

ఆమె ఏదో అనబోయింది. అతను లేచి నిలబడ్డాడు. ఆ తువ్వాలు చూశాక ఇక అబద్ధం ఆడ్డం అతని వల్ల కాలేదు.

"నడుం నొప్పి లేదండీ," అని, తనంతట తనే వెనక్కి తిరిగాడు. గోడకి చెప్పుకుంటున్నట్టు, చౌకగా వస్తోందని కొన్నాననీ, చదవకుండా కొన్నాననీ, మీ మనసు కష్టపెట్టాలని కాదనీ చెప్పాడు.

ఆమెకు భయం వేసింది. భయంతో పాటు, వీపు తిప్పి నిజం చెప్పిన ఆ మనిషిని చూసి, వాళ్ల నాన్న గురించి చెప్పేటప్పటిలాగే మెడ నిటారుగా లేచింది.

పెద్దాయన సంచీ బల్ల మీద పెట్టి, గదిలోకి వెళ్లి బీరువా తెరిచారు. దుప్పట్ల అడుగునుంచి ఒక జెర్సీ తీసుకొచ్చి పరిచారు. అదే నంబరు. అదే పేరు.

"మీ అమ్మ పోయాక నేను మళ్లీ డ్యూటీకెళ్లిన రోజు," అన్నారు కూతురితో, "ప్రాక్టీసయ్యాక అందరూ వెళ్లిపోయారు. ఈ పేరున్న కుర్రాడు వెళ్లలేదు. ఏమీ మాట్లాడలేదు. నా వెనకాల నీళ్ల పైపు పట్టుకుని, నేల మొత్తం తడిసేదాకా నాతో తిరిగాడు. అలాంటివాణ్ణి తిట్టడం నాకు చేతకాలేదమ్మా. నువ్వేమో ఆ పేరంటేనే మండిపడుతున్నావు. అందుకే ఊరుకున్నాను."

"నీకు కోపమనుకునే నేనూ కోపం తెచ్చుకున్నాను," అంటూ ఆమె ఆ జెర్సీని దగ్గరికి లాక్కుంది. "నాకు తెలీకుండా ఎలా కొన్నావు నాన్నా?"

"నేనే ఫోన్లో ఆర్డర్ పెట్టాను. ఇంటికొస్తే నువ్వు చూస్తావని, గడ్డి కోసే మిషన్లుండే గదికి తెప్పించుకున్నాను," అన్నారాయన, కాస్త గర్వంగానే. తర్వాత అతని వైపు తిరిగారు. "నీకెంత తగ్గించారు?"

"డెబ్బై శాతమండీ."

ఆయన ముఖం చిన్నబోయింది. "నాకు నలభైయే. తొందరపడ్డాను."

ముగ్గురూ నవ్వారు. పెద్దాయన తన జెర్సీ చొక్కా మీదే తొడుక్కుని కుర్చీలో కూర్చున్నారు.

"ఈసారి సేల్ పెట్టినప్పుడు ఆర్డర్ ఒక్కటే పెడదాం," అన్నారు తాపీగా. "ఒకే ఇంటికి రెండు డెలివరీ ఛార్జీలెందుకు, దండగ."

ఆ మాట అర్థం కావడానికి అతనికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యేసరికి, ఆవిరి పట్టవన్న అద్దాలు మసకబారాయి. ఆమె కళ్లజోడు తీసి, తుడిచి, తిరిగి అతని ముక్కు మీద నిలబెట్టింది.

"ఇప్పుడు కనిపిస్తోందా?"

"చివరి వరస దాకా," అన్నాడు.