మేకలకు మిగలని రొట్టెలు

అశ్విని కూర్చునే నిద్రపోగలదు. వెన్ను నిటారుగా, చేతులు ఒళ్లో, మొహం ప్రశాంతంగా. తాండూరులో ఓ ప్రైవేటు ఆస్పత్రిలో నాలుగేళ్లు నర్సుగా చేస్తే ఎవరికైనా వచ్చే విద్యే అది. ఆ సంగతి వికారాబాద్ గుట్ట మీద ధ్యానం నేర్పే మహిధర్‌కు ఏం తెలుసు పాపం.

క్యాంపు పేరు ‘అలసిపోకుండా కరుణ’. ఆమె సెలవడిగితే ఆస్పత్రివాళ్లు సెలవివ్వలేదు. ఇద్దరి పని ఒక్కతే చేస్తోందని మెచ్చుకుని, శనాదివారాలు ఈ క్యాంపుకి పంపారు. ఆమె బ్యాగులో రాజీనామా కాగితం ఉంది. ఈ మధ్య రోగుల మీద విసుగొస్తోంది, విసుక్కున్నందుకు తన మీద తనకే అసహ్యమేస్తోంది. ఆ పని తప్ప వేరే పని ఇష్టం లేదు, అదే ఏడుపు. సోమవారం కాగితం ఇచ్చేయాలని గట్టిగా అనుకుంది.

బయట వాన సన్నగా కురుస్తోంది. లోపల ముప్ఫై మంది, అందులో సగం హైదరాబాద్ నుంచి కార్లేసుకుని కరుణ కోసం వచ్చినవాళ్లు. మహిధర్ మర్పల్లి రైతుబిడ్డ. సాఫ్ట్‌వేర్ వదిలి బుద్ధుడి దారి పట్టాడు, ల్యాప్‌టాప్ మాత్రం వదల్లేదు.

“ఈ మేడంను చూడండి,” అన్నాడు తేనె గొంతుతో. “ఎంత లోతుకు వెళ్లిపోయారో. సాధన అంటే ఇదీ.”

అందరూ భక్తిగా చూశారు. సరిగ్గా అప్పుడే అశ్విని గురక పెట్టింది.

హాలంతా నవ్వు. మహిధర్ చెవులు ఎర్రబడ్డాయి. “నిద్రపోయారా?”

“జర కన్నంటుకుంది సార్. మీ గొంతు మా వార్డుల మత్తు ఇంజెక్షన్ కన్న మంచిగ పనిచేస్తది.”

అతను సర్దుకుని, గంట మోగించాడు. “ముందు ‘నేను క్షేమంగా ఉండాలి’ అనండి. తర్వాతే మిగతావాళ్లు.”

“మూడో బెడ్డు బిచ్చయ్య క్షేమంగ ఉండాలె,” అంది అశ్విని.

“ముందు మీరు.”

“నాదేముంది సార్. ఆయన ముప్ఫై ఏండ్లు బండలు పాలిష్ పట్టిండు. ఊపిరితిత్తుల నిండ దుమ్మే. మీరు శ్వాస మీద ధ్యాస అంటరు గదా, ఆయనకు ఇరవై నాలుగ్గంటలు గదే ధ్యాస.”

మహిధర్ ల్యాప్‌టాప్‌లో స్లైడు మూసేశాడు. “మీ వార్డుకు నేనొచ్చి చూడొచ్చా?” అన్నాడు.

“రండ్రి. గంట మాత్రం తేకుండ్రి, మా వార్డుల గంటలకు కరువు లేదు.”

సోమవారం నిజంగానే ఆస్పత్రిలో దిగాడు. ఈయన తమాషా చూశాక ఇద్దాంలే అని అశ్విని కాగితం బయటికి తీయలేదు.

తమాషా బాగానే అయింది. మొదటి రోజు అందరి కష్టాలూ విన్నాడు. రెండో రోజు అందరికీ ఫోన్ నంబరిచ్చాడు, వాళ్లు రాత్రంతా ఫోన్లు చేశారు. మూడో రోజు బిచ్చయ్య భార్య బుగ్గమ్మకు తోడుగా స్కానింగుకు, మందులకు, ఆఖరికి ఆమె చెల్లెల్ని బస్సెక్కించడానికీ పోయాడు. కాదనడం రాదాయె. సాయంత్రం నాలుగింటికి వార్డులోకి వచ్చి, బిచ్చయ్య మంచం పక్కనే కళ్లు తిరిగి పడబోయాడు. అశ్విని పట్టుకోకపోతే నేల మీది తాండూరు బండకు తల పగిలేది.

స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. “ఎప్పుడు తిన్నరు?”

“నిన్న పొద్దున.”

“మరి మీ మొదటి వాక్యం ఏడబోయింది సార్? క్యాంపులనే ఇడిసిపెట్టొచ్చిండ్రా?”

అతను తల దించుకున్నాడు. “అందరికి చెప్త గానీ, నాకు నేను ఒక్కసారి గూడ చెప్పుకోలే. నా కోసం అడుక్కుంటే సిగ్గనిపిస్తది.”

తేనె గొంతు పోయి, నికార్సైన మర్పల్లి గొంతు బయటపడింది. ఈ గొంతుకైతే తనకు నిద్ర రాదని అశ్వినికి అర్థమైంది.

“నువ్వు తిన్నవా?” అనడిగాడు.

అది రోజుకు వందమందిని తనడిగే మాట, తిరిగి ఎవరూ అడగనిది. ఆమె టిఫిన్ బాక్స్ రోజూ నిండుగానే ఇంటికి పోతుంది. “నీకన్న నా మేకలు బలిసినయి,” అని తిట్టుకుంటూ తల్లి కొండమ్మ ఆ రొట్టెలు మేకలకేస్తుంది.

బాక్స్ తెరిచింది. మూడు జొన్నరొట్టెలు, కందిపప్పు, నువ్వుల పచ్చడి. పళ్లెం లేదు. బ్యాగులోంచి కాగితం తీసి పరిచి, దాని మీద పచ్చడేసింది.

మహిధర్ నూనెలో తడుస్తున్న అక్షరాలు చదివాడు. “ఇది రాజీనామానా?”

“పొద్దటి దాంక. ఇప్పుడు పళ్లెం.”

ఐదో బెడ్డు గంట మోగింది. అలవాటుగా సగం లేచి, ఆగింది. “రెబెక్కా, జర నువ్వు చూడవా? నేను తింటున్న.”

పక్క వార్డు నర్సు రెబెక్క తలుపులో ఆశ్చర్యంగా నిలబడింది. “చూస్త. ఎప్పుడన్న అడిగితివా నువ్వు?” అంటూ వెళ్లింది.

“ఇప్పుడను ఆ మొదటి వాక్యం,” అన్నాడు మహిధర్.

“నేను క్షేమంగ ఉండాలె,” అంది ముద్ద నోట్లో ఉండగానే. కళ్లలో నీళ్లు తిరిగాయి. “పచ్చడి కారమున్నది.”

కారం కాదని అతనికి తెలుసు. నీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. మూడు రోజుల్లో అతను చేసిన మొదటి పనికొచ్చే పని అదే.

చేతులు కడుక్కుంటూ, “రేపు గూడ వస్త,” అన్నాడు.

“మళ్ల సేవ చేయనీకా?”

“నీతోని తిననీకి. నువ్వంటే ఇష్టం నాకు. గది గూడ నోరిడిసి అడగలే ఇన్ని రోజులు.”

అశ్విని బాక్స్ మూత పెడుతుంటే మంచం మీంచి బిచ్చయ్య దగ్గు ఆపుకుని అందుకున్నాడు. “గింత మాటకు మూడు పొద్దులా సారూ? ఊపిరి మంచిగున్నోళ్లు గిట్లనే టైం ఖరాబ్ చేస్తరు. నువ్వన్న జల్ది చెప్పు సిస్టరమ్మా.”

“ఒంటిగంటకు రా,” అంది అశ్విని. “నాలుగింటిదాంక ఆగను ఇగ.”

ఆ సాయంత్రం కొండమ్మ బాక్స్ తెరిచింది. ఖాళీ. దడి దగ్గర మేకలు మెడలు చాపి నిలబడ్డాయి.

“ఎవరు తిన్నరే?”

“నేనే అమ్మా.”

“మూడూ?”

“ఒకటిన్నర.”

కొండమ్మకు బిడ్డ మొహం చూడగానే సంగతి అర్థమైంది. ఊరు, పేరు, కులం ఏదీ అడగలేదు. “మొగపిల్లగానికి ఒకటిన్నర రొట్టె యాడ సాలుతది,” అని పిండి డబ్బా కోసం లోపలికి పోయింది.

మర్నాడు బాక్స్ బరువుగా ఉంది. ఆటోలో కూర్చుని మూత తీసి చూస్తే ఆరు రొట్టెలున్నాయి.