చివరి పదహారు పేజీలు

ఆదివారం ఆరాధన నుంచి సీతాఫల్‌మండిలోని ఇంటికి రాగానే కాంతమణి టీ పెట్టి, టీవీ ముందు కూర్చుంటుంది. వారానికి అరగంట హాస్య సీరియల్. మిగతా వారమంతా చాకిరే.

ఆ రోజు ఆమె భర్త జ్ఞానశేఖర్ తన బడిలోనే పనిచేసే యెషయాను వెంటబెట్టుకొచ్చాడు. జ్ఞానశేఖర్ తెలుగు మాస్టారు కదా, కూర్చోగానే తనకిష్టమైన పాత నవల సంగతి ఎత్తుకున్నాడు. "చివర్లో ఆవిడ గడియ మీద చెయ్యి వేస్తుంది చూడు! అంత అవమానించిన మొగుడికి తలుపు తీస్తుంది. అదీ ఇల్లాలంటే!"

టీవీలో ఎవరో పిండిబస్తాలో పడ్డాడు. కాంతమణి పకపకా నవ్వింది.

"మీరేమంటారక్కా, ఆ నవల గురించి?" యెషయా మర్యాదకు అడిగాడు.

"దాన్నడుగుతావేంటయ్యా? దానికి తెలిసిన సాహిత్యం ఇదే!" జ్ఞానశేఖర్ లేచి టీవీ కట్టేశాడు. "అంత మంచి పుస్తకం ఇంట్లో ఉండి, ఇరవై ఏళ్ళలో ఒక్క పేజీ తిప్పిందా?"

యెషయా తల దించుకున్నాడు. ఇంటర్ చదివే కూతురు మేబెల్ కిసుక్కున నవ్వింది.

కాంతమణికి ఒళ్ళు మండిపోయింది. మొగుడి మాటలు అలవాటే. కూతురి నవ్వే తట్టుకోలేకపోయింది. రేపు ఇది కూడా తనను ఇలాగే తీసిపారేస్తుంది.

"తిప్పిన!" అంటూ లేచింది. "పెండ్లికి ముందే, బోయిగూడల అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకొని మూడుసార్లు చదివిన. మీ పుస్తకం ఆ గడియ కాడనే ఆగింది, ఆఖరి పదహారు పేజీలు లేవు. ఆ సంగతి మీకే తెల్వదు!"

"ఏం వాగుతున్నావ్?" ఆయన కళ్ళెర్రజేశాడు.

"చూస్కోండ్రి!" అల్మారాలోంచి తీసి ఆయన ఒళ్ళో పడేసింది. చివరి కాగితానికీ అట్టకూ మధ్య తెగిన కుట్టుదారం వేలాడుతోంది. "పెండ్లైన నెలకే దుమ్ము దులుపుతుంటె చూసిన. మీ పరువు పోతదని ఇన్నేండ్లు నోరు మూసుకున్న. నా పరువు గురించి మీరు ఒక్క దినమన్న ఆలోచించిండ్రా?"

ఆయన ఆ దారాన్ని తడిమి చూశాడు. ఎంతమంది పిల్లలకు చెప్పాడో ఆ ముగింపు!

"మరి తలుపు తీయదా అమ్మా?" మేబెల్ గొంతులో ఇప్పుడు నవ్వు లేదు.

"తియ్యదు. నలుగుర్ల తిట్టినోడు నలుగుర్లనే తప్పొప్పుకోవాలంటది."

జ్ఞానశేఖర్ యెషయా వంక చూశాడు, కూతురి వంక చూశాడు. "తప్పు నాదే కాంతం," అన్నాడు. "ఇంతకీ... ఆ నవల్లో మొగుడు ఒప్పుకుంటాడా?"

కాంతమణి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. "సీరియల్ అయినంక చెప్తా. ముందు టీవీ పెట్టుండ్రి."

ఆయన లేచి టీవీ పెట్టి, ఆమె పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పుస్తకం మాత్రం చేతిలోంచి దించలేదు.