ఎవరూ ఎరగని చోటు

ఆడపడుచుతో కలిసి బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి, తమ బేకరీ ముందు నలుగురు గుమిగూడి ఉండటం ఆమెకు కనిపించింది. భర్తకేమైనా అయిందేమోనని అడుగులు వాటంతటవే పరుగందుకున్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే ఆయన కౌంటరు వెనక ఎప్పటిలాగే నిలబడి ఉన్నాడు. కౌంటరు మీద మాత్రం పొద్దున అమ్మిన బ్రెడ్లు కుప్పగా పడి ఉన్నాయి. కొన్ని కోసినవి, కొన్ని కొరికి వదిలేసినవి.

"వచ్చారా అక్కగారూ," అన్నాడు ఎదురు కొట్టు టైలరు. "మీరు ఒక్క పూట ఊళ్లో లేకపోతే మాస్టారు ఉప్పు మీద అలిగినట్టున్నారు. పిల్లలు జామ్ రాసుకుని ఎలాగో తిన్నారు గానీ, మా ఆవిడ మాత్రం దూది నమిలినట్టుందంది."

"పోనీలే, బీపీ ఉన్నవాళ్లకి మంచిదే," అంది మందుల షాపు ఆవిడ. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా నలుగురితో పాటు నవ్వే చిన్నపిల్లాడి నవ్వు అది.

"పొద్దున కరెంటు పోయిందండీ. ఆ హడావిడిలో మర్చిపోయుంటారు. రేపు అందరికీ వేరేవి ఇస్తాను," అంది. కరెంటు పోయిందో లేదో ఆమెకే తెలియదు. అబద్ధం ఎంత సులువుగా నోట్లోకి వచ్చేస్తోంది ఈ మధ్య...

"అన్నయ్యకి ఓపిక అయిపోయింది వదినా," అంది ఆడపడుచు సంచీ దించుతూ. "అందుకే చెప్తున్నా, ఇది కట్టిపెట్టి మా ఊరు వచ్చెయ్యండని."

ఓపిక అయిపోవడం కాదు. అదేమిటో ఆమెకు తెలుసు. తెలిసి ఏడాది దాటింది. ఒకరోజు పిండిలో రెండుసార్లు ఉప్పు వేసేశాడు ఆయన. వేసిన సంగతే గుర్తులేనట్టు మూడోసారి డబ్బా అందుకోబోతుంటే ఆమె చూసింది. ఆ పిండంతా పారబోయాల్సి వచ్చింది. పెద్ద డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లి అన్నీ చెప్పుకుంటే ఆయన తల పంకించి, "జ్ఞాపకం జారిపోతోందమ్మా. మందులతో కాస్త నెమ్మదిస్తుందేమో గానీ ఆగదు," అన్నాడు. ఆ మందులు బలానికని చెప్పి ఆమే రోజూ వేస్తోంది. అప్పటినుంచీ ఆయన భట్టీ రాజెయ్యడానికి వెనక్కి వెళ్లగానే, తొట్టిలో పిండి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని చూడటం ఆమెకు అలవాటైంది. చూసిన ప్రతిసారీ చప్పగానే ఉండేది. ఆమె గబగబా ఉప్పు నీళ్లు చిలకరించి, ఆయన వచ్చేలోగా పిసికేసి, చేతులు తుడుచుకుని ఏమీ ఎరగనట్టు అచ్చులకు నూనె రాస్తూ కూర్చునేది.

ఎవరికీ చెప్పలేదు. కన్నకూతురికి కూడా చెప్పలేదు. తన పిండి రుచి తనకే తెలియడం లేదని లోకానికి తెలిస్తే ఆ మనిషి తట్టుకోగలడా?

కానీ ఈ వీధికి కొంత తెలుసేమోనని ఆమె అనుమానం. ఒక మధ్యాహ్నం సైకిల్ షాపు అతను ఆయన్ని వెంటబెట్టుకొచ్చి, "మాస్టారూ నేనూ కబుర్లలో పడి ఇలా వచ్చేశామమ్మా," అన్నాడు. మరోసారి స్కూలు ఆయా, "ఇటే వస్తున్నాను కదా అని తోడొచ్చాను," అంది. ఇద్దరూ ఇంకేమీ అడగలేదు. ఆమె కూడా ఏమీ చెప్పలేదు. వాళ్లు వెళ్లాక తలుపు వేసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అందులో దుఃఖం ఎంతో, ధైర్యమూ అంతే. ఈ వీధిలో ఆయన ఎక్కడ దారి తప్పినా ఎవరో ఒకరు ఇంటికి చేరుస్తారు.

అలాంటి సమయంలో ఆయనకు సముద్రం మీద మనసు పుట్టింది. ఆయన చెల్లెలు, అంటే ఈ ఆడపడుచే, చాలా ఏళ్లుగా ఒక చిన్న రేవు ఊళ్లో ఐస్ ఫ్యాక్టరీ గుమస్తాగా ఉంటోంది. ఫ్యాక్టరీ వాళ్లు కట్టించిన వరస ఇళ్లలో తన పక్కిల్లు ఖాళీ అయిందని ఆవిడ కబురు చెయ్యడమే తరువాయి... "అక్కడికి పోదాం. నాకు ఇంకేమీ అక్కర్లేదు," అని ఆయన పట్టుపట్టాడు. ఇల్లు చూసి రమ్మని ఆమెను పంపిందీ ఆయనే.

ఆ సాయంత్రమే కూతురు కూడా వచ్చింది. ల్యాబులో పని ముగించుకుని, ఇంకా మందుల వాసన వదలని చేతులతోనే తండ్రి పక్కన కూర్చుని, "చెప్పమ్మా, ఇల్లు ఎలా ఉంది? నాన్న మధ్యాహ్నం నుంచీ ఫోన్లో ఒకటే అడుగుతున్నారు," అంది.

ఆమె కంచాలు సర్దుతూ ఆగింది. ఇల్లు బాగానే ఉంది. గాలి, వెలుతురు, కిటికీ తెరిస్తే ఇసుక, దాని అవతల నీళ్లు. కానీ అన్ని ఇళ్లూ ఒక్కలాగే ఉన్నాయి. అదే సున్నం, అదే తలుపు, అవే మెట్లు. కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుని తిరిగొస్తూ ఆమే తలుపు తప్పి ఎవరి వంటింట్లోకో వెళ్లిపోయింది. లోపల చేపలు తోముతున్న మనిషి, "మీ ఇల్లు ఇది కాదు, తల్లీ, కానీ వచ్చారు కాబట్టి ఓ చెయ్యి వెయ్యండి," అని పగలబడి నవ్వింది. ఆడపడుచు కూడా నవ్వింది. తెలివిగా ఉన్న తనే తప్పిపోతే ఆయన మాటేమిటి? ఒకవైపు సముద్రం, మిగతా వైపులా ఎవరో తెలియని మనుషులు...

"వద్దు," అంది.

"వద్దా? ఎందుకు?"

"నాకా చప్పుడు పడదు. ఆ హోరు వింటే నిద్ర పట్టదు."

ఆడపడుచు గొంతు పెంచింది. "బాగుంది వదినా. జన్మంతా ఆ భట్టీ ముందు ఉడికిపోయాడు మా అన్నయ్య. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి అడిగాడు. నీ నిద్ర అడ్డొచ్చిందా? చెవుల్లో దూది పెట్టుకో. ఇవాళ మీ బ్రెడ్డులో కావలసినంత ఉందట కదా."

"అత్తా, నువ్వాగు," అంది కూతురు. కానీ తల్లి వైపు తిరిగినప్పుడు ఆ కళ్లలో మెత్తదనం లేదు. "అమ్మా, నీ కోసం నాన్న ఏది మానుకోలేదు చెప్పు? నీ కొట్టు, నీ వీధి, నీ ఇరుగుపొరుగు... ఎప్పుడూ నీదే. నువ్వింత స్వార్థంగా ఉంటావని నేను అనుకోలేదు."

ఆ మాట ఆమెకు సూటిగా గుచ్చుకుంది. నిజం ఒక్కటి నోరు జారితే చాలు, ఇద్దరూ తన కాళ్లు పట్టుకుని ఏడుస్తారు. కానీ ఎదురుగా ఆయన కూర్చుని ఉన్నాడు. వేళ్లతో బల్ల మీద పిండి పిసుకుతున్నట్టు రాస్తూ, తలెత్తకుండా. ఆయన ముందు ఎలా చెప్పడం? ఆమె కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. స్వార్థపరురాలన్న పేరు మొయ్యడం తేలికే. ఆయన పరువు మొయ్యడం కంటే చాలా తేలిక...

మర్నాడు పొద్దున ఆడపడుచు బస్సెక్కి వెళ్లిపోయాక, మధ్యాహ్నం బన్నుల పిండి వేళకి ఆయన ఎప్పటిలాగే తొట్టి దగ్గర చెయ్యి దులుపుకుని భట్టీ వైపు నడిచాడు. ఆమె పిండి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. చప్పగా ఉంది. ఉప్పు నీళ్ల గిన్నె అందుకుని వెనక్కి తిరిగేసరికి ఆయన గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడు.

ఆమె గిన్నె కొంగు చాటుకు తిప్పుకుంది. "అది... ఊరికే... కాస్త తడి తక్కువైందేమోనని..."

"వెయ్యి," అన్నాడు ఆయన. "నువ్వు వేస్తావనే నేను వెయ్యను."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన వచ్చి తొట్టి అంచు మీద కూర్చున్నాడు.

"ఆ పిండి పారబోసిన రోజే నాకు తెలిసింది. వేశానో లేదో నాకే నమ్మకం పోయింది. ఎక్కువైతే తియ్యలేం, తక్కువైతే కలపగలం. అందుకని అసలు వెయ్యడమే మానేశాను. నువ్వు వెనకనుంచి రుచి చూడటం భట్టీ దగ్గరున్న తళతళలాడే ట్రేలో, అద్దంలోలాగా, కనిపిస్తూనే ఉంది. నీకు తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని నీకు తెలియకూడదనుకున్నా."

"మరి నిన్న..."

"నిన్న నువ్వు ఊళ్లో లేవన్న సంగతి మర్చిపోయాను." ఆయన వేళ్లకంటిన పిండి గిల్లుకున్నాడు. "నువ్వున్నావనే అనుకున్నా. నిన్ను బస్సెక్కించి వచ్చింది నేనే కదా..."

ఆమె నేల మీద కూలబడి ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుంది. ఏడాదిగా ఒకే తొట్టి ముందు నిలబడి ఇద్దరూ ఒకరినుంచి ఒకరు ఒకే విషయాన్ని దాచుకున్నారు. పిండి అంటిన చేత్తో ఆయన ఆమె జుట్టు నిమురుతూ ఉన్నాడు.

"అయితే చెప్పేస్తున్నాను," అంది ఆమె. "హోరు కాదు, పాడూ కాదు. ఇక్కడైతే మిమ్మల్ని అందరూ ఎరుగుదురు. తప్పిపోతే చెయ్యి పట్టుకుని తెచ్చి దిగబెడతారు. అక్కడ మీరెవరో ఎవరికి తెలుసు?"

"అందుకే అక్కడికి వెళ్దామంటున్నా."

ఆమె తలెత్తి చూసింది.

"ఈ వీధిలో పుట్టిన ప్రతి పిల్లా నా బన్ను తిని పెరిగింది. వాళ్లు రేపు నన్ను చూసి 'పాపం మాస్టారు' అంటారు. నిన్న అనలేదు గానీ టైలరు కళ్లలో ఆ మాట ఉంది. నేను చూశాను. సైకిలబ్బాయి నన్ను తీసుకొచ్చిన రోజూ చూశాను. చూడగలిగే తెలివి ఇంకా మిగిలింది, అదే నా ఖర్మ. ఎవరూ ఎరగని చోటైతే నేను ఒట్టి ముసలాణ్ణి. ముసలాళ్లు మర్చిపోతారు, ఎవరికీ వింత కాదు." ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "తెలివి పోయాక నన్నెక్కడ ఉంచినా నాకొకటే. అప్పుడంతా నీ ఇష్టం. ఉన్న ఈ నాలుగు రోజులు మాత్రం నా ఇష్టానికి వదిలెయ్యి."

"మీ నాలుగు రోజులు అయిపోయాక... అక్కడ నాకెవరున్నారండీ?"

ఆయన తలదించుకుని తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆమె లేచి పిండిలో ఉప్పు నీళ్లు పోసింది. పిసుకుతూనే, ఆయన వైపు చూడకుండా, "మీ చెల్లెలికి ఫోను చెయ్యండి. వస్తున్నామని చెప్పండి," అంది.

కూతురికీ చెల్లెలికీ ఆ సంగతంతా ఆయనే చెప్పాడు. సామాను లారీ ఎక్కిస్తున్న రోజు ఆ పిల్ల తల్లిని గోడ చాటుకు లాక్కెళ్లి కరుచుకుపోయింది. "అమ్మా, ఎంత మాటన్నానో... ఒక్కసారి చెప్పకూడదూ? నేను నీ కూతుర్ని కానా?"

"నువ్వు ఆయన కూతురివి కూడా కదమ్మా," అంది ఆమె.

రేవు ఊళ్లో ఆయన కోరుకున్న రోజులు ఆయనకు దొరికాయి. వానాకాలం వెళ్లి ఎండలు ముదిరేదాకా ఆయన మొహంలో ఎన్నేళ్లుగానో లేని తేట కనిపించింది. ఎవరూ మాస్టారూ అని పిలవలేదు. ఎవరూ జాలిపడలేదు. ఇసుక మీద ఆయన ముందు నడుస్తుంటే ఆమె కాస్త వెనకగా, ఆయనకు తెలియకుండా నడిచేది. ఆడపడుచు కూడా మారింది. "క్షమించు వదినా" అని నోటితో అనలేదు గానీ, ఫ్యాక్టరీ నుంచి వస్తూ రోజూ వదిన పెరట్లో నీళ్లు పట్టి వెళ్లేది.

ఆమె జ్వరంతో లేవలేకపోయిన ఒక రోజు, ఆడపడుచు ఫ్యాక్టరీ పని మీద పట్నం వెళ్లినప్పుడు, ఆయన ఒక్కడే ఇసుక మీదకి వెళ్లాడు. మధ్యాహ్నమైనా రాలేదు. పడుతూ లేస్తూ ఆమె ఆ వరస ఇళ్లన్నీ తట్టింది. ఎలా ఉంటాడని అడిగారు. చెప్పింది. తెలియదన్నారు. ఆ అనడంలో ఎవరి తప్పూ లేదు. పొద్దు వాలుతుండగా ఐస్ ఫ్యాక్టరీ వెనక, లారీలు ఆగే షెడ్డులో బెంచీ మీద కనిపించాడు. పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాడట. కూలీలు ఎవరో లారీ కోసం కూర్చున్నాడనుకున్నారు. ఆయన కాళ్ల దగ్గర కరిగిన ఐసు నీళ్లు మడుగు కట్టాయి. చెప్పులు లేవు.

ఆమె ఎదురుగా వెళ్లి నిలబడింది. ఆయన తలెత్తి చూసి, మర్యాదగా పక్కకు జరిగి చోటిచ్చాడు.

"కూర్చోండి. మీరూ బండి కోసమేనాండీ?"

ఇన్నేళ్ల కాపురంలో ఆయన తనను అంత గౌరవంగా పలకరించడం ఆమె ఎరగదు. ఆయన ఇచ్చిన చోట కూర్చుంది. "అవునండీ," అంది.

"నేను ఈ ఊరికి కొత్త. ఇక్కడ నన్నెవరూ ఎరగరు," అన్నాడు ఆయన. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు ఆ గొంతు. హాయిగా ఉంది.

"ఇంటి దగ్గర ఎవరున్నారు?" అంది ఆమె.

"మా ఆవిడ. ఒక్కతే ఉంది." ఆయన కాసేపు వెతుక్కున్నాడు. "ఇక్కడికి రావడం దానికి ఇష్టం లేదండీ. నా కోసం వచ్చింది. అక్కడ అందరూ ఉండేవాళ్లు దానికి... అన్నీ వదిలేసి వచ్చింది. ఆ మాట నేను దానితో ఎప్పుడూ అనలేదు. అనాలి."

లారీ ఒకటి షెడ్డులోకి వచ్చి, ఐసు దించుకుని వెళ్లింది.

"చీకటి పడేలోగా వెళ్లకపోతే కంగారు పడుతుంది," అని ఆయన లేచి అటూ ఇటూ చూశాడు. "మా ఇల్లు ఎటో కాస్త చెప్పగలరాండీ?"

ఆమె తన చెప్పులు విప్పి ఆయన కాళ్ల ముందు పెట్టింది. "నేనూ అటే వెళ్తున్నానండీ," అంది. "రండి."