రాని రాష్ట్రానికొక కుర్చీ

రెండు తూటాలు. ఒకటి గోడలో దిగింది, ఒకటి గురుప్రసాద్ కంఠంలో.

దోహాలో అల్ మన్సూరా పేటలోని ఆ ఇరుకు మెట్ల మీద నిరంజన్ తోటి ఏజెంటు తలను ఒడిలోకి తీసుకునేసరికే నెత్తురు కింది అంతస్తుకు కారుతోంది.

"రేపు... ప్రొఫెసర్‌ని... రోడ్ ఐలాండ్..."

అంతే. గురుప్రసాద్ ప్రాణం పోయింది.

తెల్లవారాక చీఫ్ భానుమతి బ్రీఫింగ్ ముక్కలు ముక్కలుగా సాగింది. "టార్గెట్ ప్రొఫెసర్ వేణుగోపాలరావు. ఒక ద్వీపదేశంలో పెద్ద దీవికీ చిన్న దీవికీ యుద్ధం. ఇరుపక్షాలనూ దోహా హోటల్లో కూర్చోబెట్టి ఆయన సంధి కుదిర్చాడు. ఈరోజే సంతకాలు. ఆయన చస్తే సంధీ చస్తుంది. ఇద్దరికీ ఆయుధాలమ్మే ముఠాకు పండగ."

"రోడ్ ఐలాండ్ అంటే, మేడమ్?"

"రోడ్డు మధ్య ఐలాండ్. హోటల్ ముందు రౌండ్‌అబౌట్. ఇంకేముంటుందయ్యా? మనవాళ్ళందరినీ అక్కడే దించాను."

నిరంజన్ వెయిటర్ వేషంలో హాల్లో అడుగుపెట్టాడు. ఆకుపచ్చ పట్టుచీరలో దుబాసీ రెహానా ఎదురైంది. ముఠాలో పనిచేస్తూ మనకు కబుర్లమ్మే హైదరాబాదీ.

"చాయ్‌లో ఏలకులున్నాయా?"

"మాఫీ." అరబ్బీలో లేవని. కోడ్ సరిపోయింది.

"రౌండ్‌అబౌట్‌కు కాపలా పెట్టిన్రంట. బహుత్ అచ్ఛా, సాబ్," అని నవ్వింది. ఆ నవ్వు నిరంజన్‌కు నచ్చలేదు.

చెవిలోని వైర్‌లెస్ గురగురలాడింది. మునిసిపల్ తోటమాలి వేషంలో ఉన్న చిరంజీవి. "సార్, ఈడ పూలున్నయ్, నేనున్న. ఇంకేం లేదు. ఎండకు పాణం పోతున్నది."

వేదిక మీద ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు. సంతకాలకు ముందు పాఠంగా, అమెరికా తొలి రాష్ట్రాల పేర్లున్న బ్యాడ్జీలు తగిలించుకుని ద్వీపవాసులు ఆ దేశ రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సభను అభినయిస్తున్నారు.

"పెద్ద రాష్ట్రాలు జనాభాను బట్టి సీట్లన్నాయి. చిన్నవి తలా ఒక ఓటన్నాయి. చివరికి ఒక సభ అలా, ఒక సభ ఇలా కట్టుకున్నారు. ఆ బేరంలోనే బానిసలను ఐదుగురుంటే ముగ్గురుగా లెక్కకట్టారు. అది దేవుడు రాసింది కాదు, మనుషులు రాసుకున్నది. కనుకనే దిద్దుకోగలిగారు." ఆయన నవ్వాడు. "పదమూడింటిలో ఒకటి మాత్రం అలిగి ఇంట్లోనే కూర్చుంది. రోడ్ ఐలాండ్! అందరికన్నా ఆలస్యంగా దేశంలో చేరింది. అందుకే ఇక్కడా దానికి కుర్చీ లేదు."

నిరంజన్ చేతిలో ట్రే ఆగిపోయింది. చివరి వరుసలో ఒక ఎర్రగడ్డంవాడి రొమ్ము మీద బ్యాడ్జీ: రోడ్ ఐలాండ్. ముఠాకు పదమూడు రాష్ట్రాలని తెలుసు. రానిదేదో తెలియదు.

గడ్డంవాడు పిస్తోలు తీసి లేచాడు. నిరంజన్ తన పెన్‌గన్ నొక్కాడు. టిక్. సముద్రపు తేమకు మందు నానిపోయింది. అదే పెన్నును వాడి మణికట్టులో దింపేశాడు. గురి తప్పిన వాడి తూటా షాండ్లియర్‌ను కూల్చింది. గాజు వాన. వాడి మోకాలు నిరంజన్ పక్కటెముకను విరిచింది. ట్రే అంచు వాడి దవడను పగలగొట్టింది. అయినా వాడు నెత్తురు కక్కుతూ వేదికెక్కి, రెండో పిస్తోలును ప్రొఫెసర్ కణతకు ఆనించాడు.

ఢాం!

కూలింది గడ్డంవాడు. నుదుట రంధ్రం. రెహానా చీరకొంగు వెనుకనుంచి పొగ లేస్తోంది.

"ఇంతకూ నువ్వెవరి పక్షం?" నిరంజన్ రొప్పుతూ అడిగాడు.

"రెండు సభల్లోనూ నాకొక సీటుండాలి గదా, సాబ్!"

ప్రొఫెసర్ సంధిపత్రం మీద పడిన నెత్తురును రుమాలుతో అద్దాడు. "ఇక సంతకాలు కానివ్వండి."

రెండు దీవులూ కలాలు తీశాయి.

వైర్‌లెస్ మళ్ళీ పలికింది. "సార్, ఐలాండ్ మొత్తం సేఫ్. ఇగ లోపలికి రావొచ్చునా?"

"రావయ్యా, చిరంజీవీ," అన్నాడు నిరంజన్ పక్కటెముక పట్టుకుని. "రోడ్ ఐలాండ్ ఆలస్యంగా రావడం కొత్తేమీ కాదట."