చెయ్యి పట్టుకునే సబ్‌వే

ఆ సబ్‌వేకి ముందునుంచీ పేరు మంచిది కాదు. పెద్ద రైలు స్టేషను ఎదుట, రోడ్డు కింద నుంచి అవతలికి నడిచిపోయే దారి అది. ఎప్పుడో రద్దీలో ఓ తల్లి చేతిలోంచి కూతురి చెయ్యి జారిపోయిందట అక్కడ… ఆ పిల్ల మళ్లీ దొరకలేదట. అప్పట్నుంచీ లోపల దీపాలు ఆరితే చాలు, ఎవరో వచ్చి మన చెయ్యి పట్టుకుంటారట. మెట్ల దగ్గర వెలుతురు కనబడగానే వదిలేస్తారట — ముఖం చూసినవాళ్లు మాత్రం లేరు.

ఇదంతా మా పిన్ని చెప్పింది. పిన్ని ఓ ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు. గోరంతను కొండంత చేసే రకం కాదు కాబట్టి నమ్మొచ్చు.

ఓ ఏడాది ఏడో తరగతి పిల్లల్ని విజ్ఞాన యాత్ర పేరుతో మహానగరాలన్నీ తిప్పారు, వెంట పిన్నీ వెళ్లింది. ఆ సబ్‌వే ఉన్న ఊళ్లో స్టేషను పక్క లాడ్జిలో దిగారు. తప్పిపోకుండా పిల్లలు జతలుగా చేతులు పట్టుకుని నడవాలి. ఒక్క పిల్లకి మాత్రం జత లేదు. పాపం, దాని అరచేతులకి ఎప్పుడూ చెమట. పట్టుకున్నవాళ్లు ఛీ అని గౌనుకి తుడుచుకునేవాళ్లు. 'ఒంటికాయ సొంఠికొమ్ము' అని మొదలెట్టి, చివరికి సొంఠి అన్నదే పేరు చేశారు. పిల్లలు దేవుళ్లంటారు గానీ, ఆ మాటన్నవాళ్లెవరూ బడిలో పనిచేసి ఉండరు.

మ్యూజియం చూసి సాయంత్రం తిరిగొస్తూ అందరూ సబ్‌వేలోకి దిగారు. లాడ్జి వంటమనిషి పొద్దున్నే ఆ కథ చెప్పి పుణ్యం కట్టుకున్నాడు. పిల్లలు బిక్కుబిక్కుమంటూ సగం దారి నడిచారో లేదో…

కరెంటు పోయింది.

కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. జతలు చెదిరిపోయాయి. తోపులాట, కేకలు. సొంఠి గోడకి అతుక్కుపోయింది. అప్పుడు… ఒక చెయ్యి వచ్చి సొంఠి చెయ్యి పట్టుకుంది.

చిన్న చెయ్యి. చల్లగా ఉంది, కొంచెం వణుకుతోంది. మాట లేదు — వేళ్లలో వేళ్లు బిగించి మెట్ల దాకా వదల్లేదు. వెలుతురు పడుతుందనగా జారిపోయింది. సొంఠి తిరిగి చూసేసరికి చుట్టూ గుంపు, ఎవరు ఎవరో తెలియలేదు.

లాడ్జిలో అన్నాల దగ్గర ఒక్కొక్కర్నీ అడిగింది. "నువ్వేనా?"

"నీ చెయ్యా? నేనా?" అని అందరూ మొహం చిట్లించారు. క్లాసు లీడరు అందరికంటే గట్టిగా నవ్వింది. "మనుషులు దొరక్క ఇది దెయ్యాన్ని పట్టిందే," అంది.

సొంఠికి కోపం రాలేదు. పిన్ని దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది. "రేపు కూడా అటే వెళ్తామా మేడమ్?"

"భయం వెయ్యలేదా నీకు?"

"అది తుడుచుకోలేదు మేడమ్."

పిన్నికి ఆ మాట లోతు తెలిసేసరికి ఆలస్యమైంది. పడకల దగ్గర చూస్తే పిల్ల లేదు. అప్పుడు లీడరు మొహం పాలిపోయింది. "సబ్‌వేలో ఉంటుంది మేడమ్… నేనూ వస్తా," అంది.

ఇద్దరూ టార్చి పట్టుకుని పరుగెత్తారు. లోపల ఇంకా చీకటే. సగం దారిలో, గోడవార… సొంఠి నిలబడి ఉంది. చెయ్యి చీకట్లోకి చాచి ఎవరితోనో మాట్లాడుతోంది.

"నేనే… ఇందాకటి దాన్ని. మీ అమ్మని నేను వెతికిపెడతా. పట్టుకో."

పిన్ని టార్చి అటు తిప్పింది.

"అక్కడెవరూ లేరు," అంది లీడరు. "పట్టుకుంది నేనే. భయమేసి, దొరికిన చెయ్యి పట్టుకున్నా. తడి తగిలాక నువ్వని తెలిసింది… గతిలేక వదల్లేదంతే. ఎవరికీ చెప్పకు, నా పరువు పోతుంది."

సొంఠి చాచిన చెయ్యి దించలేదు. పిన్ని వైపు తిరిగింది.

"అబద్ధం కదా మేడమ్? అది ఉంది కదా?"

ఉందమ్మా అని ఒక్క మాట అనేస్తే పోయేది. పిన్నికి నోటిదాకా వచ్చిందట కూడా. కానీ సైన్సు టీచరు నోరు అటు తిరగలేదు.

"దెయ్యాల్లేవమ్మా," అంది.

ఆ మాట వింటే ఏ పిల్లైనా హమ్మయ్య అనుకుంటుంది. సొంఠి మాత్రం ఆ గోడ పక్కనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.