ఎర్ర గుర్తున్న కెప్టెన్

అమ్మలూ, చేతిలో పని కాస్త పక్కన పెట్టి ఇలా దగ్గరికి జరగండి. ఇది ఇంట్లో బట్టలు కుట్టే ఒక ఇల్లాలి కథ. బంతిని ఎటువైపు తంతే గెలుపో కూడా తెలియని మనిషి. అలాంటి ఆమె చేతిలో ఒక శనివారం మధ్యాహ్నం ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగు జట్టొకటి వచ్చి పడింది.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. ఆ రోజు ఆయన గుండెకు ఆపరేషను. స్ట్రెచరు మీద లోపలికి తోసుకుపోతుంటే ఫోనూ, మడత పెట్టిన కాగితమూ భార్య చేతిలో పెట్టాడు.

"నాలుగున్నరలోపు జట్టు పెట్టెయ్. అంతా రాశాను. వాడికి మాత్రం చెప్పకు. ఒట్టు."

వాడంటే ఆయన తమ్ముడు, కిటికీలకు అద్దాలు బిగించేవాడు. అన్నదమ్ములకు నాలుగేళ్లుగా మాటల్లేవు. ఆ ఫోను ఆట ఒక్కటే మిగిలింది. నిజం ఆటగాళ్లలోంచి పదకొండు మందిని ఏరుకోవాలి, ఒకణ్ణి కెప్టెన్ చేయాలి. వాళ్లు మైదానంలో ఎంత బాగా ఆడితే వీళ్లకు అన్ని మార్కులు, కెప్టెన్‌వి రెట్టింపు. గడువు దాటాక ఒకరి జట్టు ఒకరికి కనిపిస్తుంది. వారం వారం అన్న జట్టును తమ్ముడు చూస్తాడు, తమ్ముడి జట్టును అన్న చూస్తాడు. పలకరింపంటే అంతే! తమ్ముడు తన జట్టుకు పెట్టుకున్న పేరేమిటో తెలుసా... 'అందరికన్నా ఆఖర్న తెలిసినవాడు.'

ఆ పేరు కనిపించినప్పుడల్లా ఆమె చూపు తిప్పేసుకునేది. ఎందుకంటే అత్తగారు పోయే ముందు పది రోజులూ తమ్ముడు దూరాన ఏదో పరీక్షకు చదువుతున్నాడు. చదువు చెడుతుందని తల్లి జబ్బు సంగతి అన్న చెప్పనివ్వలేదు. తమ్ముడు ఫోను చేసి, "వదినా, అమ్మేదీ?" అంటే, "నిద్రపోతోంది, లేచాక మాట్లాడిస్తాలే" అని ఈ నోటితోనే చెప్పింది. ఆవిడ మరి లేవలేదు. అతను వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, కళ్లజోడు పైకి తోసుకుని, కాగితంలో ఉన్న పేర్లు ఒక్కొక్కటే ఫోనులో వెతికింది. సూదిలో దారం ఎక్కించడం ఇంతకన్నా సులువు. గోల్‌కీపరు, వెనక నిలబడేవాళ్లు, ముందు ఉరికేవాళ్లు... పదిమంది కుదిరారు. పదకొండోవాడి పక్కన ఎర్ర గుర్తు పడి ఉంది. 'మోకాలికి గాయం. ఆడడు.' కాగితం అడుగున భర్త రాత ఉండనే ఉంది: 'ఎవరికైనా ఎర్ర గుర్తు పడితే తీసేసి బెంచీ మీద బదులుకి ఉంచినవాణ్ణి దింపు. జాలి పడకు.'

తీసేయాలా అని ఫోను అడిగింది. ఆమె వేలు గాలిలో ఆగిపోయింది. తలుపు అవతల తన మనిషి రొమ్ము తెరుచుకుని పడి ఉంటే, ఇవతల తాను దెబ్బ తగిలినవాణ్ణి పనికిరాడని చేత్తో తీసి పారేయాలా? ఏ తల్లి కన్నబిడ్డో... వద్దని నొక్కింది. అంతటితో మనసు ఊరుకోలేదు. జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి ఒళ్లోకి తీసుకున్నట్టు, ఆ మోకాలు దెబ్బవాణ్ణే కెప్టెన్ చేసి కూర్చుంది!

నాలుగున్నర దాటింది. లోపలినుంచి ఎవరూ రాలేదు. పది నిమిషాలకు భర్త ఫోను మోగింది. 'తమ్ముడు' అని కనిపించింది. నాలుగేళ్లలో అదే మొదటిసారి.

"వదినా," అన్నాడు, ఎవరెత్తారో అడక్కుండానే. "నడవలేనివాణ్ణి కెప్టెన్ చేశావు. అన్నయ్య మూడు రోజులు లెక్కలేసిగానీ ఒక్కణ్ణి మార్చడు. దెబ్బ తగిలినవాణ్ణి నెత్తిన పెట్టుకునేది మా ఇంట్లో నువ్వొక్కదానివే. అన్నయ్యేడీ?"

నిద్రపోతున్నారు అనబోయింది. అబద్ధమూ కాదు, మత్తులోనే ఉన్నాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి చేదుగా తగిలింది. ఇటు భర్త ఒట్టు, అటు పాత పాపం... ఎటు కదిలినా నిప్పే.

"గుండెకు ఆపరేషను చేస్తున్నారు. లోపలికి తీసుకెళ్లి మూడు గంటలైంది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. నాకు భయంగా ఉంది నాయనా... రా."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. అరగంటలో పని బట్టలతోనే వచ్చాడు, జుట్టునిండా గాజుపొడి. పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ఒళ్లో ఉన్న కాగితం చూసి, "ఎర్ర గుర్తు పడితే తీసేయమని రాసి లేదా?" అన్నాడు.

"ఉంది."

"మరి?"

"చెయ్యి రాలేదయ్యా."

నవ్వబోయి ఏడ్చేశాడు. ఆమె అతని జుట్టులోని పొడి దులుపుతూ కూర్చుంది. చీకటి పడే వేళ డాక్టరు వచ్చి, "అయింది. రేపటిదాకా గమనించాలి" అన్నాడు. ఆ 'రేపటిదాకా' అన్న మాటను ఇద్దరూ చెరో కొస పట్టుకుని కూర్చున్నారు.

మర్నాడు పొద్దున అన్న కళ్లు తెరిచాడు. ఎదురుగా తమ్ముడు. ఆయన చూపు భార్య మీదికి తిరిగింది.

"ఎవరు చెప్పారు?"

"జట్టు చూసి నేనే కనిపెట్టాను," అన్నాడు తమ్ముడు, వదినను కాచుకుంటూ.

"కాదు," అందామె. "నేనే చెప్పాను. ఒట్టు తప్పాను. అత్తయ్య పోయేటప్పుడే మీ మాట దాటి ఉండాల్సింది, అప్పుడు ధైర్యం చాలలేదు. మీరేమన్నా పడతాను."

ఆయన పైకప్పు వంక చూశాడు. కంటి కొసనుంచి నీరు చెవిలోకి జారింది.

"ఆఖరి రోజు అమ్మ నీ గురించే అడిగిందిరా," అన్నాడు తమ్ముడితో. "అదీ నీకు చెప్పలేదు."

తమ్ముడు మంచం కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. "ఏమంది?"

"చెప్తాను. కూర్చో."

ఆమె స్టూలు జరిపి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది. ఆ మాటలు ఆ ఇద్దరివీ.

విన్నారుగా తల్లులూ. మీ ఇంట్లో రేపెవరైనా 'ఫలానా వాళ్లకు చెప్పకు' అని చెయ్యి పట్టుకుంటే ఈ వదిన గుర్తు రావాలి. మీ కోడళ్లకూ చెప్పండి, కూతుళ్లకూ చెప్పండి. నేను మరిచిన ముక్క ఉంటే కలిపి చెప్పండి.