మునిగినవాళ్ళ హాజరు

చీకటి పడ్డాక ఆ రాతి చర్చి వైపు ఎవరూ వెళ్ళరు. వెళ్ళినవాడు ఊరికే తిరిగి రాడు... జ్వరమైనా పట్టుకొస్తాడు, మాటైనా పోగొట్టుకొస్తాడు. తలుపుకి బయట తాళం. లోపల దీపం ఉండదు. అయినా ఎవరో పిలుస్తారట... ఎవరో పలుకుతారట. ఒకళ్ళు కాదు — చాలామంది.

ఇది మా బావ చెప్పిన సంగతి. ఆ దీవులకి లాంచి నడిపింది ఆయనే. కోతలు కోయడం మా బావకి వెన్నతో పెట్టిన విద్య. కానీ ఇది చెప్పేటప్పుడు ఒక్కసారి కూడా మీసం దువ్వుకోలేదు. అందుకే నమ్మాను.

అక్కడ రెండు దీవులు. పెద్దదాంట్లో ఇళ్ళు. చిన్నదాంట్లో ఆ రాతి చర్చి ఒక్కటే. నీళ్ళు తగ్గితే రెండింటి మధ్యా ఇసుక దారి తేలుతుంది, పోటు వస్తే మునిగిపోతుంది. ఎప్పుడో తాతల నాడు ఒక మిషనరీ వచ్చి ఆ చర్చి కట్టించి, వాళ్ళ మధ్యే ముసలివాడై పోయాడు. ఆయనతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఇప్పుడొచ్చినాయనతోనే.

ఈయన్ని మిషను వాళ్ళు పట్నం నుంచి పంపించారు. లాంచి దిగేటప్పుడు బట్టల సంచి కంటే ముందు మైకు దించుకున్నాడు. దాంతో మైకయ్యగారని పేరు పడిపోయింది. వచ్చీ రాగానే పెద్ద దీవిలో రేకుల చర్చి వేయించాడు, జనరేటరు పెట్టించాడు. తుమ్మితే చివరి బెంచీ దాకా వినిపించే గదిలో మైకెందుకో! ఆయన్ని చూడకముందే నాకు ఒళ్ళు మండింది. చూశాక ఇంకా మండింది.

ఆ దీవులవాళ్ళు తరతరాలుగా క్రైస్తవులే. కాకపోతే వాళ్ళదొక పద్ధతి ఉంది. ఆరాధన అయ్యాక సంఘపెద్ద లేచి, సముద్రంలో పోయినవాళ్ళకి హాజరు పిలుస్తాడు. ఒక్కొక్కరినీ వాళ్ళు చేసిన పనితో పిలుస్తాడు. "తాళ్ళు పేనేవాడు..." అంటాడు. అతని తాలూకు మనిషి ఎవరో లేచి, "ఉన్నాడు" అంటారు. "పీతలు పట్టేవాడు..." "ఉన్నాడు." అలా పలికేవాళ్ళు లేకపోతే, పోయినవాడు ఇంటి దారి తెలీక నీళ్ళలోనే తిరుగుతుంటాడని వాళ్ళ నమ్మకం.

మైకయ్యగారు అది విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "చచ్చినవాళ్ళని పిలుస్తారా? ఇది ప్రార్థనా, దెయ్యాల్ని కొలవడమా?" అన్నాడు. ఆ పని మానేదాకా పిల్లలకి బాప్తిస్మం ఇవ్వనన్నాడు, పెళ్ళిళ్ళు చెయ్యనన్నాడు. రాతి చర్చికి తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకున్నాడు.

జనం ఎదురు చెప్పలేదు. కానీ ఆయన కనపడితే మొహాలు తిప్పుకునేవాళ్ళు. చేపలు అడిగితే, తట్ట నిండా చేపలు పెట్టుకుని కూడా "అయిపోయాయండీ" అనేవాళ్ళు.

అప్పుడే వలలావిడ కొడుకు పోయాడు.

ఆవిడ చిరిగిన వలలు బాగుచేసి బతుకుతుంది. ఒక్కగానొక్క కొడుకు, పడవ మీద లంగరు వేసే పని వాడిది. గాలివానలో పడవ తిరగబడింది. మిగతావాళ్ళు ఈదుకుంటూ వచ్చారు, వాడు రాలేదు. శవం కూడా దొరకలేదు. దొరికితే ఏడ్చి ఊరుకునేదేమో. దొరక్కపోయేసరికి, వీధిలో అడుగుల చప్పుడైతే చాలు, చేతిలో పని పడేసి గుమ్మంలోకి పరిగెత్తేది.

రేకుల చర్చికి వచ్చి, అందరి ముందూ చేతులు జోడించింది. "ఒక్కసారి వాణ్ణి పిలవనివ్వండి అయ్యగారూ. వాడికి దారి తెలియాలి."

ఆ మహానుభావుడు మైకు పక్కన పెట్టలేదు. "నీ కొడుకు రాడమ్మా. ఎంత పిలిచినా రాడు," అన్నాడు. దీవంతా వినపడింది.

ఆవిడ ఆయన కాళ్ళ ముందు ఉమ్మేసి వెళ్ళిపోయింది. నేనైతే ఇంకాస్త పైకి ఉమ్మేవాణ్ణి.

ఆ తర్వాతే రాతి చర్చికి చెడ్డపేరు మొదలైంది. అటు వల వేసినవాళ్ళకి గొంతులు వినిపించాయన్నారు. "నేను చెప్పలేదూ, మీరు పిలిచిన దెయ్యాలే అవి" అని మైకయ్యగారు ఇంకా రెచ్చిపోయాడు.

ఒకరోజు సాయంత్రం ఆయన పట్నంలో మీటింగుకి బయలుదేరాడు. లాంచి మా బావదే. చిన్న దీవి దాటుతుండగా ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"ఇంకెంతసేపయ్యా?"

"అదెలా చెప్పగలనండీ... దానికి బుద్ధి పుట్టాలి కదా," అన్నాడు మా బావ, ఇంజనులోంచి తల తియ్యకుండానే.

ఆయనకి కోపం నషాళానికంటింది. ఇసుక దారి ఇంకా తేలే ఉంది. నడిచి ఇంటికి పోదామని, ప్యాంటు పైకి మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని నీళ్ళలోకి దిగిపోయాడు. "పోటు వచ్చే వేళండీ!" అని మా బావ అరిచాడు. వినిపించుకుంటేగా!

సగం దారిలో పోటు అందుకుంది. ముందు మడమలు... తర్వాత మోకాళ్ళు... ఒక బూటు జారి కొట్టుకుపోయింది. ఊరి దీపాలు అల్లంత దూరాన కనిపిస్తున్నాయి, మధ్యలో అంతా నీళ్ళే. వెనక్కి తిరిగాడు. పడుతూ లేస్తూ, ఉప్పునీళ్ళు మింగుతూ, చిన్న దీవి ఒడ్డు మీద బోర్లా పడ్డాడు. అలా ఎంతసేపు ఉన్నాడో ఆయనకే తెలీదు.

కళ్ళు తెరిచేసరికి పూర్తిగా చీకటి. ఒళ్ళంతా వణుకు. తల దాచుకోవడానికి ఉన్నది ఒక్కటే చోటు — రాతి చర్చి.

తలుపు దాకా వెళ్ళాడు. తాళంచెవి కోసం జేబులో చెయ్యి పెట్టాడు...

లోపల ఎవరో దగ్గారు.

సముద్రమే అనుకున్నాడు. తలుపుకి చెవి ఆనించాడు.

"తాళ్ళు పేనేవాడు..." గుసగుసగా ఒక గొంతు.

"ఉన్నాడు."

తాళం తడిమి చూశాడు. వేసింది వేసినట్టే ఉంది. తన చేత్తో వేసిన తాళం! ప్రార్థన చేద్దామంటే ఒక్క వాక్యమూ నోటికి రాలేదు.

"పీతలు పట్టేవాడు..."

"ఉన్నాడు."

కాస్త ఆగింది ఆ గొంతు. తర్వాత —

"వాక్యం చెప్పేవాడు..."

ఆ దీవుల్లో వాక్యం చెప్పేది తనొక్కడే. హాజరు పిలిచేది పోయినవాళ్ళకి. అంటే... తను ఆ నీళ్ళలోనే పోయాడా? ఒడ్డెక్కింది ఎవరు మరి? చెంప తడిమి చూసుకున్నాడు. మంచులా చల్లగా ఉంది.

లోపల ఎవరూ పలకలేదు.

"వాక్యం చెప్పేవాడు..." మళ్ళీ పిలిచింది గొంతు.

ఊహూ.

"వాడికెవరు పలుకుతారు?" అని ఎవరో గొణిగారు. ఇంకెవరో చిన్నగా నవ్వారు.

ఆ నవ్వు ఆయనకి కత్తిలా దిగింది. ఇన్నాళ్ళు వాళ్ళ మధ్య ఉండి, తన తరఫున ఒక్క నోరు లేవడం లేదు. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. ఏడుపొచ్చింది. పిలిచే గొంతు ఇక ఆయన్ని వదిలేసి ముందుకి పోయింది.

"లంగరు వేసేవాడు..."

సరిగ్గా అప్పుడే పెగిలింది ఆయన గొంతు.

"ఉన్నాను!" అని కేకేశాడు. "ఉన్నాను... నేనున్నాను!"

లోపల ఒక్కసారిగా గావుకేకలు. బెంచీలు బోర్లాపడ్డాయి. చర్చి వెనకనుంచి దబదబా దూకుతున్న చప్పుడు... దెయ్యాలు బతుకు జీవుడా అని పరిగెడుతున్నాయి!

దెయ్యాలూ లేవు, ఏమీ లేవు. అంతా సంఘంవాళ్ళే. వెనక కిటికీ ఊచలు ఊడదీసుకుని, చాటుగా పడవల్లో వచ్చి, దీపం లేకుండా హాజరు జరుపుకుంటున్నారు. మైకయ్యగారు ఇటు తొంగిచూడకుండా దెయ్యం పుకారు పుట్టించిందీ వాళ్ళే. ఆ సాయంత్రం ఇంజను బాగుపడ్డాక మా బావకి నీళ్ళ మీద బూటు దొరికింది. తీసుకెళ్ళి సంఘపెద్దకి చూపించాడు. మనిషి మునిగిపోయాడని అందరూ నిశ్చయించుకున్నారు. మనవాళ్ళని పిలవొద్దన్నవాణ్ణి మనమెందుకు పిలవాలని సగంమంది గొడవ. "నీళ్ళలో పోయాక ఇంకా పగేమిట్రా? పిలవడం నా పని. పలకడం, పలక్కపోవడం మీ ఇష్టం," అన్నాడు పెద్ద.

మా బావ కూడా అందరితో పాటే కిటికీ మీద పడ్డాడు. కాళ్ళు బయటా తల లోపలా ఉండగా, పొట్ట అడ్డమొచ్చి మధ్యలో ఇరుక్కుపోయాడు. మిగతాది చూశాడంటే ఆ పొట్ట చలవే.

వలలావిడ ఒక్కతే పారిపోలేదు. ఆవిడ కొడుకుని పిలిచారు. తను పలికే లోపే బయట నుంచి "ఉన్నాను" అని వినిపించింది. ఆవిడకి అంతకంటే ఏం కావాలి?

"వచ్చావా నాన్నా!" అంటూ తలుపు మీద పడింది. "దారి తెలిసిందా? ఉండు నాన్నా, వెళ్ళిపోకు... తాళం... వాడెవడో తాళం వేశాడు..." రెండు చేతులతో తలుపు బాదుతోంది.

బయట ఆయనకి అంతా అర్థమైంది. కాదమ్మా, నేను... అని చెప్పాలి. చెప్పలేకపోయాడు. ఆ సంగతి ఆయనే తర్వాత మా బావతో అన్నాడు. తాళం తీశాడు.

తలుపు తెరుచుకోగానే ఆవిడ రెండు చేతులూ చీకట్లో ఆయన మొహాన్ని పట్టుకున్నాయి. తడి జుట్టు నిమిరింది. చెంపలు నిమిరింది. "ఎంత చల్లబడిపోయావు నాన్నా..." అంది. ఆయన కళ్ళు మూసుకుని అలాగే నిలబడ్డాడు.

గడ్డం దగ్గర ఆగాయి ఆ వేళ్ళు. గుబురుగా, పెద్దవాడి గడ్డం.

చటుక్కున చేతులు వెనక్కి తీసుకుంది.

"నువ్వా..." అంది. "వాడి బదులు నువ్వొచ్చావా?"

ఆయన గుమ్మంలోనే కూలబడి ఏదో గొణిగాడు. ఆవిడ వినలేదు. ముట్టుకున్న చేతుల్ని చీరకి గట్టిగా తుడుచుకుని, ఆయన్ని దాటి, నీళ్ళ అంచు దాకా పరిగెత్తింది. ఆయన వెనకాలే ఇంకెవరైనా వస్తున్నారేమోనని.